ఆరుద్ర పురుగుకు ఎన్ని పేర్లు?

(స్వర్ణోత్సవ సభలో 1983 పదో తరగతి బ్యాచి పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు ఇంజినీరువి గదా, పిల్లలకు సైన్సు మీద ఆసక్తి ఎట్లా పెంచాలో ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. రోబోల గురించి, కంప్యూటర్ల గురించి చెబుతానని అనుకుని ఉంటారు. నేను ముప్ఫై ఏళ్లకు పైగా పుణెలో నీటి పంపులు డిజైన్ చేసే పని చేశాను. పంపుల గురించి అడిగితే రాత్రంతా చెప్పగలను. పిల్లల గురించి మాత్రం నాకు తెలిసింది తక్కువ. ఇద్దరు పిల్లలను పెంచాను. ఒకరి దగ్గర ఒక తప్పు చేశాను, ఇంకొకరి దగ్గర ఆ తప్పు చేయకుండా మా అమ్మ ఆపింది. ఆ సంగతే చెబుతాను.

ముందు మన బడి నుంచి మొదలుపెడతాను.

1980 ఫిబ్రవరి 16. సంపూర్ణ సూర్యగ్రహణం. మన నల్లగొండ జిల్లా సరిగ్గా ఆ నీడ దారిలో ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాలకు దాన్ని చూడటానికి శాస్త్రవేత్తలు వచ్చారు. మన ఊళ్లో మాత్రం తలుపులు మూసేశారు. కడుపుతో ఉన్న వాళ్లను మూల గదిలో పడుకోబెట్టారు. వండిన అన్నం మీద గరిక వేశారు. మా సైన్సు సారు మాత్రం ఇల్లిల్లూ తిరిగి, "నాది పూచీ" అని చెప్పి, పన్నెండు మందిమి పిల్లలను ఈ వేపచెట్టు కిందికి తీసుకొచ్చారు. అందులో నేనొకణ్ణి.

సూర్యుడి వైపు వీపు పెట్టి నిలబడమన్నారు. కింద మట్టి మీద వేపాకుల సందుల్లోంచి పడిన వెలుగు మచ్చలు చూడమన్నారు. ఒక్కొక్క మచ్చా కొడవలిలా వంకర తిరిగి ఉంది. నేల నిండా వందల కొడవళ్లు! "సార్, ఇన్ని సూర్యుళ్లు ఏంటి సార్?" అని అరిచాను. ఆయన జవాబు చెప్పలేదు. "ఆకుల సందు గుండ్రంగా ఉంటదా?" అని అడిగారు. "ఉండదు సార్." "మరి రోజూ చెట్టు నీడలో వెలుగు మచ్చలు గుండ్రంగా ఎందుకు పడతయ్‌రా?"

ఆ తర్వాత చీకటి పడింది. పట్టపగలు ఒక చుక్క కనిపించింది. శుక్రుడని సారు చెప్పారు. కాకులు గూళ్లకు పోయాయి. కొద్ది నిమిషాల్లో మళ్లీ తెల్లవారింది. అదంతా గొప్పగానే ఉంది కానీ, నా తలలో మిగిలింది సారు అడిగిన ప్రశ్నే. మరుసటి వారం అట్టముక్కలకు మూడు మూలల బెజ్జం, నాలుగు మూలల బెజ్జం చేసి ఎండలో పట్టుకుని చూశాం. అట్టను నేలకు బాగా ఎత్తులో పట్టుకుంటే, బెజ్జం ఎట్లా ఉన్నా వెలుగు మచ్చ గుండ్రమే. ఆ మచ్చ సూర్యుడి బొమ్మ అని మాకు మేమే తేల్చుకున్నాం. నేను ఇంజినీరునైన రోజు అదే అనుకుంటాను. డిగ్రీ తర్వాత వచ్చింది.

ఆ మాటలన్నీ తెలుగులోనే జరిగాయని అప్పుడు నేను గమనించలేదు. చేప నీటిని గమనిస్తుందా?

ఇంజినీరింగు కాలేజీలో గమనించాను. మొదటి నెల ప్రొఫెసరు గారు "ఇనర్షియా, ఇనర్షియా" అంటుంటే, ఇదేదో నాకు తెలియని కొత్త విషయం అనుకుని భయపడ్డాను. అది మన జడత్వమేనని, బస్సు బ్రేకు వేస్తే ముందుకు తూలడం అని సారు ఎనిమిదో తరగతిలో చెప్పిందేనని తెలిసేసరికి మొదటి పరీక్ష అయిపోయింది. నూటికి పంతొమ్మిది వచ్చాయి. హాస్టల్ డాబా మీద కూర్చుని ఏడ్చాను. ఇక్కడ ఉన్న మన బ్యాచివాళ్లలో ఆ ఏడుపు తెలియనివాళ్లు తక్కువ.

ఆ భయమే తర్వాత మా అబ్బాయి మీద పడింది.

వాణ్ణి పుణెలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో వేశాం. నాలుగేళ్ల వాడు. వాగుడుకాయ. రెండు నెలలు గడిచాక టీచరు గారు పిలిచి, "మీ వాడు క్లాసులో మాట్లాడటం లేదు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అన్నారు. ఆవిడ మంచి మనసుతోనే చెప్పారు. నాకు ఆ పంతొమ్మిది మార్కులు గుర్తొచ్చాయి. ఆ రోజు నుంచి ఇంట్లో తెలుగు బంద్.

మా ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు. కానీ అది ఆఫీసు ఇంగ్లీషు. కొటేషన్లు రాసే ఇంగ్లీషు. పసిపిల్లవాడితో ముచ్చట్లు పెట్టే ఇంగ్లీషు మా దగ్గర లేదు. కమ్, ఈట్, స్లీప్, డోంట్ టచ్. ఇంట్లో మాటలు ఇంతకు దిగాయి. ఒకరోజు తలుపు సందులో పడి బల్లి తోక తెగింది. తెగిన తోక నేల మీద గిలగిలా కొట్టుకుంటోంది. వాడు కళ్లు పెద్దవి చేసుకుని "వై ఈజ్ ఇట్ మూవింగ్?" అని అడిగాడు. తెలుగులో అయితే పది నిమిషాలు చెప్పేవాణ్ణి. బల్లి తోకను కావాలనే వదులుకుంటుందనీ, పిల్లి ఆ కదిలే తోకను చూస్తుండగా బల్లి తప్పించుకుంటుందనీ, మళ్లీ కొత్త తోక మొలుస్తుందనీ, పిల్లినీ బల్లినీ నేనే అయి ఆడి చూపించేవాణ్ణి. ఆ రోజు నేను అన్నది, "ఇట్ ఈజ్ లైక్ దట్ ఓన్లీ."

అట్లాంటి జవాబులు ఎన్ని చెప్పానో లెక్క లేదు. ఏడాది తిరిగేసరికి వాడికి ఇంగ్లీషు బాగా వచ్చింది. ప్రశ్నలు మాత్రం ఆగిపోయాయి. వాడి ఇంగ్లీషు తక్కువై ఆగలేదు, నాది తక్కువై ఆగాయి. ఇది అర్థం కావడానికి నాకు పదేళ్లు పట్టింది.

మా అమ్మాయి వాడికంటే ఆరేళ్లు చిన్నది. దానికి ఆరేళ్లప్పుడు మా నాన్న పోయారు. అమ్మను పుణెకు తీసుకొచ్చాను. అమ్మ చదువుకోలేదు. ఇంగ్లీషు, హిందీ ఏవీ రావు. మేమిద్దరం ఉద్యోగాలకు పోతే ఇంట్లో మిగిలేది నాయనమ్మా, మనవరాలే. ఇంట్లో ఇంగ్లీషు రూలు ఆ వారంలోనే కొట్టుకుపోయింది. దాన్ని నిలబెట్టడానికి మనుషులు లేరు.

ఆ జూన్‌లో మొదటి పెద్దవాన పడ్డ మర్నాడు, కాలనీ వెనక ఖాళీ స్థలంలోంచి మా అమ్మాయి అరచేతిలో ఒక పురుగును పెట్టుకుని వచ్చింది. మఖమల్ గుడ్డ ముక్కలా ఎర్రగా, మెత్తగా ఉంది. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుంది.

"నాయనమ్మా, ఇదేంది?"

"ఆరుద్ర పురుగు బిడ్డా. ఆరుద్ర కార్తె వానకు పైకొస్తది. ఇది కనబడ్డదంటే ఇత్తనాలు ఏసుకోవచ్చని మీ తాత అంటుండె."

"ఆరుద్ర అంటే?"

"కార్తె."

"కార్తె అంటే?"

అమ్మ నా వైపు చూసింది. "అది నీ కొడుకుల చదువులల్ల ఉంటది, నాకేమెరుక" అంది. బంతి నా దగ్గరికి వచ్చింది.

సాయంత్రం భూతద్దం పెట్టి కాళ్లు లెక్కపెట్టించాను. ఎనిమిది. ఈగకు ఎన్ని? ఆరు. చీమకు? ఆరు. మరి ఎనిమిది ఎవరికి ఉంటాయి? చాలాసేపు ఆలోచించి, గోడ మూలకు పరిగెత్తి, "సాలెపురుగుకు!" అంది. అవును, ఇది సాలెపురుగుల బంధువు. ఇంగ్లీషులో రెడ్ వెల్వెట్ మైట్ అంటారు. ఏడాదిలో చాలా కాలం మట్టిలోనే ఉండి, తొలకరికి కొద్ది రోజులు పైకి వస్తుంది. చిన్న చిన్న పురుగులనూ, వాటి గుడ్లనూ తింటుంది. మనల్ని ఏమీ చేయదు.

మా కాలనీ తోటమాలి మరాఠీ ఆయన. అమ్మాయి ఆయనకూ చూపించింది. ఆయన "మృగాచా కిడా" అన్నాడట. మృగశిర పురుగు! ఇంటికొచ్చి పంచాయతీ పెట్టింది. "నాయనమ్మ ఆరుద్ర అంటది, మాలీ అంకుల్ మృగ అంటడు, నువ్వు వెల్వెట్ అంటవు. ఏది కరెక్టు?"

నాకు సారు గుర్తొచ్చారు. జవాబు చెప్పలేదు. ఒక నోటుబుక్కు కొనిచ్చి, "ఏటా మొదటిసారి ఎప్పుడు కనబడుతుందో తారీకు రాసిపెట్టు, తెలుస్తుంది" అన్నాను.

కార్తె సంగతి మాత్రం అడుగుతూనే ఉంది. చెప్పాను. 27 నక్షత్రాలు. ఏడాదిలో సూర్యుడు ఒక్కొక్క నక్షత్రం దగ్గర పదమూడు, పద్నాలుగు రోజులు ఉన్నట్టు మనకు కనిపిస్తాడు. జూన్ మొదటి వారం చివర్లో మృగశిర, జూన్ 21, 22 ప్రాంతంలో ఆరుద్ర మొదలవుతాయి. "అయితే ఆరుద్ర చుక్కను చూపించు" అంది. ఇప్పుడు కనబడదు అన్నాను. "ఆరుద్ర కార్తెలో ఆరుద్ర కనబడదా?" ఆ ఆశ్చర్యం ముఖం నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. సూర్యుడు ఆ నక్షత్రం ముందు నిలబడ్డాడు కాబట్టే అది ఆరుద్ర కార్తె. పగటి వెలుగులో మునిగిపోయిన చుక్క పేరుతో మన రైతులు వానను పిలుస్తున్నారు. ఇది నాకూ అప్పటిదాకా తట్టలేదు. ఇన్నేళ్లుగా కార్తెల పేర్లు వింటూనే పెరిగాను, ఇంగ్లీషులో ఖగోళం చదివాను. రెండూ నా తలలో వేరు వేరు గదుల్లో ఉండిపోయాయి. మధ్య తలుపు తెరిచింది ఆరేళ్ల పిల్ల.

డిసెంబరు దాకా ఆగాం. డాబా మీద చాప వేసుకుని ముగ్గురం పడుకున్నాం. మూడు చుక్కలు వరసగా ఉన్న ఒరయన్ నడుము చూపించి, దాని భుజం దగ్గర ఎర్రగా వెలిగే చుక్కను చూపించాను. ఇంగ్లీషులో బెటెల్‌జూస్. సూర్యుడికంటే వందల రెట్లు పెద్దది, సూర్యుడి చోట దాన్ని పెడితే భూమి దాని కడుపులోకి పోతుంది. అమ్మ "అవునా!" అంది. డెబ్బై ఏళ్లుగా ఆ పేరుతో విత్తనాలు వేసిన మనిషి ఆ చుక్కను పేరు పెట్టి చూడటం అదే మొదటిసారి. మనవరాలు మాత్రం వేరే చూసింది. "నాయనమ్మా, ఇది గూడ ఎర్రగనే ఉన్నది, పురుగు లెక్క!"

పురుగు దగ్గర మొదలైన ప్రశ్న నక్షత్రం దాకా పోయింది. సగం దారి అమ్మ మాటల్లో నడిచింది, సగం దారి నేను చదివిన ఇంగ్లీషు పుస్తకాల్లో. రెంటిలో ఏది లేకపోయినా మధ్యలో ఆగిపోయేది. ఈ ఇరవై నిమిషాల్లో నేను చెప్పదలచుకున్నది ఇంతే. రెండు భాషల పిల్లలకు ఒకే వస్తువుకు రెండు పేర్లు దొరుకుతాయి. ఒక పేరు అది ఎట్లా ఉంటుందో చెబుతుంది, ఇంకొకటి ఎప్పుడు వస్తుందో చెబుతుంది. పిల్లలకు రెండూ కావాలి.

తెలుగు పేర్లన్నీ గొప్పవని అనడం లేదు. వానపాము పాము కాదు, ఇంగ్లీషు స్టార్‌ఫిష్ చేప కాదు. పేర్లు ఏ భాషలోనైనా మోసం చేస్తాయి. కిరణజన్య సంయోగక్రియ అని మనం గొంతు నొప్పి పుట్టేదాకా బట్టీ పట్టలేదా? అర్థమైందా అంటే చాలామందికి లేదు. కానీ అమ్మాయి ఏడో తరగతిలో క్లోరోఫిల్ స్పెల్లింగు రాక ఏడుస్తుంటే, మేము దాన్ని పత్రహరితం అనేవాళ్లం, ఆకులోని ఆకుపచ్చ అని చెప్పాను. తర్వాత డిక్షనరీ తీస్తే, క్లోరోస్, ఫిల్లాన్ అన్న గ్రీకు మాటలకు అర్థం కూడా ఆకుపచ్చ, ఆకు అనే ఉంది. అది పకపకా నవ్వింది. భయం పోయింది. ఒక భాషలో మూసుకున్న మాటకు తాళంచెవి ఇంకో భాషలో దొరకడం అంటే ఇదే.

నోటుబుక్కు సంగతి చెప్పాలి. కొన్నేళ్లు ఆ పురుగు మృగశిరలోనే వచ్చింది, కొన్నేళ్లు ఆరుద్రలో. వాన ఎప్పుడు పడితే అప్పుడు. నాయనమ్మా కరెక్టే, మాలీ అంకులూ కరెక్టే అని మా అమ్మాయి తీర్పు చెప్పింది. ఆరో ఏడు ఆ ఖాళీ స్థలంలో కార్లు పెట్టుకోవడానికి సిమెంటు పలకలు పరిచారు. ఆ ఏడు నోటుబుక్కులో "రాలేదు" అని ఉంది. తర్వాతి ఏడు కూడా "రాలేదు." అమ్మాయి ఐదేళ్ల తారీకులన్నీ పట్టికగా రాసి, కాలనీ కమిటీకి ఇంగ్లీషులో ఉత్తరం పెట్టింది. కమిటీవాళ్లు గోడ పక్కన రెండడుగుల మట్టి వదిలారు. ఆ పురుగును నాయనమ్మ భాషలో తెలుసుకుంది, దాని కోసం ఇంగ్లీషులో కొట్లాడింది. పురుగు ఆ స్థలానికి తిరిగి రాలేదు. మట్టి మాత్రం మిగిలింది.

ఇప్పుడు మా అబ్బాయి దగ్గరికి వస్తాను. ఇది చెప్పడం కష్టమే, అయినా ఈ సభలో చెప్పకపోతే ఇంకెక్కడా చెప్పలేను.

అమ్మ చివరి రోజుల్లో వాడు బెంగళూరు నుంచి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. అమ్మ వాడి చెయ్యి పట్టుకుని, "జాజితీగ పందిరి ఒరిగిపోతున్నదని చెప్పిన గదా బిడ్డా, గుంజ పాతిన్రా?" అని అడిగింది. వాడికి జాజి అన్న మాట ఒక్కటే అందింది. నా వైపు చూశాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. వాడు ఇంగ్లీషులో జవాబు చెప్పాడు. నేను అమ్మకు తెలుగులో చెప్పాను. నాయనమ్మకూ మనవడికీ మధ్య నేను దుబాసీని. అమ్మ నవ్వి, "వాడు మాట్లాడుతుంటే వినటానికి మంచిగనే ఉన్నది. అర్థమైతే ఇంకా మంచిగుండు" అంది.

వాడు బయటికి వెళ్లి బాల్కనీలో చాలాసేపు నిలబడ్డాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇద్దరు పిల్లలతో ప్రయోగం అయిపోదు, ఇంజినీరుగా అది నాకు తెలుసు. అబ్బాయి మంచి సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. అమ్మాయి సైంటిస్టు కాలేదు, బ్యాంకులో పనిచేస్తోంది. నోటుబుక్కు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది, మూడోది. సైన్సు మీద ప్రేమంటే సైన్సు ఉద్యోగమే కానక్కరలేదు.

ఇక్కడ ఉన్న తల్లిదండ్రులకు నా మనవి. పిల్లలతో మీకు బాగా వచ్చిన భాషలో మాట్లాడండి. ఇంగ్లీషు బడి నేర్పుతుంది, ముచ్చట మీరే నేర్పాలి. పిల్లలు అడిగిన దానికి వెంటనే జవాబు చెప్పకండి, వాళ్లతో కలిసి వెతకండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే పురుగు పేరు, చెట్టు పేరు వాళ్లను అడిగించండి. వాళ్లతోపాటు ఆ పేర్లు కూడా వెళ్లిపోతున్నాయి. చదివించడానికి మనకు మంచి పుస్తకాలు ఉన్నాయి. అణుశాస్త్రవేత్త అయిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారు, మహీధర నళినీమోహన్ గారు, అమెరికాలో ప్రొఫెసరుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు గారు సైన్సును తెలుగులో కథలా చెప్పారు. పెద్దలు చదివి పిల్లలకు చెప్పినా చాలు.

ఉపాధ్యాయులకు చెప్పేంతవాణ్ణి కాదు. మన బడిలో ఇప్పుడు ఇంగ్లీషు మీడియం వచ్చింది. రావలసిందే. నేను పడ్డ కష్టం ఈ పిల్లలు పడకూడదు. కానీ ప్రశ్నను మాత్రం ఏ భాషలో వస్తే ఆ భాషలో రానివ్వండి. జవాబు ఇంగ్లీషులో రాయించండి, ప్రశ్నను మధ్యలో ఆపి దిద్దకండి. ఆ రోజు వేపచెట్టు కింద, "ముందు సరిగ్గా అడగడం నేర్చుకో" అని సారు అని ఉంటే, నేను ఇక్కడ ఉండేవాణ్ణి కాదు.

చివరిగా ఒక శుభవార్త. మా అబ్బాయికి ఇప్పుడు ఒక కూతురు. మూడేళ్లు నిండాయి. పోయిన దసరాకు వాడు ఫోన్‌లో ఒక ఫొటో పంపాడు. కరెంటు తీగ మీద పక్షి. "నాన్నా, దీన్ని తెలుగులో ఏమంటారు? పాప అడుగుతోంది" అన్నాడు. పాలపిట్ట అని చెప్పాను. దసరానాడు చూస్తే మంచిదంటారు, మన తెలంగాణ రాష్ట్ర పక్షి అని చెప్పాను. పది నిమిషాలకు మళ్లీ ఫోన్. "ఎగిరినప్పుడు అంత నీలం ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతోంది." ఆ ఈకలో నీలం రంగు పదార్థం లేదనీ, ఈకలోని సన్నని నిర్మాణం వెలుగును అట్లా చెదరగొట్టడం వల్ల నీలంగా కనిపిస్తుందనీ చెప్పాను. కొద్దిసేపు మాట లేదు. తర్వాత వాడే, ముప్ఫై ఏళ్ల వాడు, తప్పుల తెలుగులో అడిగాడు, "అయితే ఆ ఈకను నలిపితే నీలం పోతదా నాన్నా?"

పాతికేళ్ల తర్వాత వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. నేను జవాబు చెప్పలేదు. "ఎక్కడన్నా రాలిన ఈక దొరికితే నలిపి చూడు, పాపకూ చూపించు" అన్నాను.

ఈ బడి పిల్లలకు ఒక నోటుబుక్కు తెచ్చాను. పెద్దసారు గారికి ఇస్తున్నాను. మొదటి పేజీలో ఒకటే గీత గీసి ఉంది: ఆరుద్ర పురుగు మొదట కనబడ్డ తారీకు. వచ్చే జూన్‌లో వాన పడ్డాక వేపచెట్టు చుట్టూ వెతకండి. దొరికితే రాయండి. దొరకకపోతే "రాలేదు" అని రాయండి. అదీ సైన్సే.